లిఫ్ట్ మోటార్‌కు సాఫ్ట్ స్టార్టర్ పెట్టినం, తిప్పలంతా ఆపే కాడ వచ్చింది

మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ మీద నీళ్లు ఎత్తిపోసే ఒక లిఫ్ట్ కాడ ఎలక్ట్రీషియన్ పని జేస్త. 100 హెచ్‌పీ మోటార్, మొన్నటిదాంక స్టార్ డెల్టా (ముందు తక్కువ వోల్టేజీ మీద లేపి, తర్వాత ఫుల్ వోల్టేజీకి మార్చే పాత పద్ధతి) మీదనే నడిచింది. డెల్టాకు మారేటప్పుడు ఒక్క గుంజుడు గుంజేది, ఇగ ఆపితే గుట్ట మీదికి ఎక్కిన నీళ్లు వెనక్కి మళ్లి ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండ ఆపే వాల్వ్) ధన్ మని కొట్టుకునేది, ఫ్లాంజీల ప్యాకింగులు ఊకె పోయేవి. అందుకే కమిటీ వాళ్లు పైసలు జమజేసి సాఫ్ట్ స్టార్టర్ తెచ్చిన్రు, అది వోల్టేజీని మెల్లగ పెంచి మోటార్‌ను లేపుతది, సాఫ్ట్ స్టాప్ పెడితే మెల్లగ తగ్గించి ఆపుతది.

స్టార్టింగ్ ముద్దుగ వచ్చింది. డైరెక్ట్‌గ ఇస్తే ఫుల్ లోడ్ కరెంటుకు ఆరేడు రెట్లు గుంజే మోటార్, లిమిట్ మూడున్నర రెట్ల కాడ పెడితే మెల్లగ స్పీడ్ అందుకున్నది, మోటార్‌ను సీదా లైన్‌కు కలిపే బైపాస్ కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటిస్తే కలిసే పెద్ద స్విచ్) టక్కున పడ్డది. ఆపుడు మాత్రం మారలే. సాఫ్ట్ స్టాప్ 15 సెకండ్లు పెట్టినా ఎర్ర బటన్ నొక్కంగనే అదే ధన్. ప్యానెల్ కట్టినాయనకు ఫోన్ జేస్తే "టైం పెంచు అన్నా" అన్నడు, పెంచినా అంతే.

ఇట్ల కాదని ఒకలను బటన్ కాడ నిలబెట్టి నేను డిస్‌ప్లే చూసిన. సాఫ్ట్ స్టాప్ నిజంగ నడిస్తే ఇంకొన్ని సెకండ్లన్నా ఆంపియర్లు కనబడాలె, ఇక్కడ నొక్కిన క్షణమే సున్నా, అదే క్షణం మెయిన్ కాంటాక్టర్ విడిచిన సప్పుడు. ఇగ అర్థమైంది. ప్యానెల్ కట్టినాయన పాత స్టార్ డెల్టా అలవాటు కొద్ది స్టాప్ బటన్‌ను మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌కు సిరీస్‌ల కట్టిండు. స్టార్టర్‌కు వచ్చే మూడు ఫేజులే పోయినంక లోపల థైరిస్టర్లు (వోల్టేజీని పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) దేన్ని తగ్గిస్తయి?

వైరింగ్ మార్చిన. కాయిల్‌ను స్టార్టర్ రన్ రిలే మీదికి తెచ్చిన, స్టార్ట్ ఇస్తే కలుస్తది, స్టాప్ ర్యాంప్ (వోల్టేజీ మెల్లగ తగ్గే టైం) పూర్తయినంకనే విడుస్తది. స్టాప్ బటన్ స్టార్టర్ స్టాప్ ఇన్‌పుట్‌కే పోతది. ఎమర్జెన్సీ మష్రూమ్ బటన్ మాత్రం కాయిల్‌ను సీదా కోస్తది, మనిషి చెయ్యి ఇరుక్కున్నప్పుడు నీళ్ల సంగతి ఎవనిక్కావాలె. మెయిన్ కాంటాక్టరే తీసేద్దామన్నరు ఒకరు, వద్దన్న. థైరిస్టర్లు ఆఫ్‌ల ఉన్నా కొంత లీకేజీ ఉంటది, ఆగింది గదా అని మోటార్ టెర్మినల్ ముట్టుకుంటే షాకే.

కమిటీల ఒకాయన కరెంటు రాంగనే మోటార్ దానంతటదే లేవాలన్నడు. టూ వైర్ (ఒక్క ఆన్ ఆఫ్ స్విచ్) కడితే అయితది, స్విచ్ ఆన్‌ల ఉంటే రాత్రి ఎప్పుడు కరెంటొచ్చినా లేస్తది, కప్లింగ్ కాడ ఎవరున్నరో దానికి తెల్వదు. అందుకే త్రీ వైరే (స్టార్ట్, స్టాప్ వేరే వేరే బటన్లు) కట్టిన, కరెంటొచ్చినా మళ్ల స్టార్ట్ నొక్కాలె, స్టార్ట్ ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది), స్టాప్ ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). ఎన్‌సీ ఎందుకంటే ఎలుక వైరు కొరికినా మోటార్ ఆగుతది గని నడుస్తనే ఉండదు. ఇంకోటి, మోటార్ టెర్మినళ్లకు పాత కెపాసిటర్లు అట్లనే ఉండె, వాటిని సప్లై దిక్కుకు మార్చి బైపాస్ పడ్డంకనే కలిసేటట్టు పెట్టిన. సాఫ్ట్ స్టార్టర్ అవుట్‌పుట్‌ల కెపాసిటర్ ఉంటే థైరిస్టర్లకు గండమే.

స్టాప్ టైం డిస్‌ప్లే చూసి కాదు, ఎన్‌ఆర్‌వీ బయటి లీవర్ చూసుకుంట పెట్టిన. మోటార్ స్పీడ్ తగ్గుతుంటే బరువు ఉన్న లీవర్ నిదానంగ కిందికి దిగుతది, పూర్తిగ దిగినంక ఇంకా ర్యాంప్ నడిపిస్తే నీళ్లు రావు, మోటార్, థైరిస్టర్లు వేడెక్కుడే. మెనూల డీసీ బ్రేక్ (మోటార్‌కు డీసీ కరెంటిచ్చి జల్ది ఆపేది) కూడా ఉన్నది, దాని జోలికి పోలే, అది బరువైన ఫ్లైవీల్‌ను జల్ది ఆపాల్సిన మిషన్లకు, పంపుకు ఉల్టా పని.

కరెంటు పోయి ఆగితే మాత్రం సాఫ్ట్ స్టాప్ ఏం లేదు, ధన్ మనుడే. దానికి పైపు మీద జీరో వెలాసిటీ వాల్వ్ (నీళ్లు వెనక్కి మళ్లకముందే మూసుకునేది) పెట్టాలని చెప్పిన, వచ్చే పంటకు సూద్దాం అంటున్రు.