నాన్న మెదడులో ఆ గుట్ట

నాన్నకు పార్కిన్సన్స్ వచ్చి పదకొండేళ్లు. చివరి రెండేళ్లు సిండోపా మాత్ర వేసుకున్న రెండు గంటలకే మందు ప్రభావం దిగిపోయేది. రాత్రి పక్కకు తిరగాలన్నా అమ్మ లేచి తిప్పాల్సిందే. డీబీఎస్, అంటే మెదడులో సన్నటి తీగ పెట్టి మెషిన్‌తో కరెంటు ఇచ్చే ఆపరేషన్, గురించి ఆలోచించమని డాక్టర్ చెప్పాక గుంటూరు నుంచి హైదరాబాద్ తిరగడం మొదలైంది.

ముందు మందు పరీక్ష. రాత్రి నుంచి మాత్రలు ఆపి, పొద్దున్నే వేళ్లు తట్టించి, పిడికిలి మూయించి, కుర్చీలోంచి లేపించి మార్కులు వేస్తారు; ఎంత ఇబ్బంది ఉంటే అన్ని ఎక్కువ మార్కులు. మాత్ర వేశాక మళ్లీ అవే చేయిస్తారు. ఆ మార్కులు కనీసం 30 శాతం తగ్గుతాయా అని చూస్తారు. మొదటిసారి అలవాటు కొద్దీ అమ్మ ఆరింటికే మాత్ర వేసేసింది. పరీక్ష వారం వాయిదా. దారంతా ఏడుస్తూనే ఉంది పాపం. మీరెవరైనా వెళ్తుంటే ముందురోజు సాయంత్రమే మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి.

ఆపరేషన్లో నాన్న మెలకువగానే ఉన్నారు. మెదడు లోపలికి సన్నటి తీగ దిగుతుంటే అక్కడి కణాల చప్పుడు స్పీకర్లో వినిపించిందట. "రేకుల మీద వాన పడ్డట్టుందమ్మా" అన్నారు.

నెల తర్వాత, మెషిన్ ఆన్ చేసే రోజు, మెదడులోని ఆ తీగ పట్టుకున్న అలల గ్రాఫ్ ఒకటి డాక్టర్ ట్యాబ్‌లో చూపించారు. గీత కిందకే పాకుతూ వచ్చి, 20 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు ఇరవై సార్లు కొట్టుకునే చోట, గుట్టలా లేచింది. 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఉండే ఈ అలల్ని బీటా అంటారు. కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గితే అక్కడి కణాలు ఒకే తాళానికి కొట్టుకోవడం ఎక్కువవుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, కదలిక మందగిస్తుంది. కరెంటు కొంచెం కొంచెంగా పెంచారు. రెండు మిల్లీయాంపులు దాటాక గుట్ట కరగడం మొదలైంది. నాన్న చూపుడువేలు బొటనవేలిని టకటకా తట్టింది. ఇన్నేళ్లూ ఎలా ఉందంటే "పర్లేదు" అనేవారు. ఆ పర్లేదు వెనక ఎంత బిగుతు ఉందో ఆ గీతలో చూశాను.

జబ్బు ఎంత ముదిరిందో ఇక దీంతోనే తెలిసిపోతుందా అని అడిగాను. కాదన్నారు. వణుకు సంగతి ఇది సరిగ్గా చెప్పదట, మతిమరుపు సంగతి అసలే చెప్పదట. ఒకరి గుట్టను ఇంకొకరి గుట్టతో పోల్చకూడదు, ఎవరిది వాళ్ల పాత గ్రాఫ్‌తోనే చూసుకోవాలి. అందుకే వేళ్లు తట్టించి మార్కులు వేయడం ఇప్పటికీ మానలేదు.

ఆ రాత్రి రెండింటికి మంచం కిర్రుమంటే అమ్మ ఉలిక్కిపడి లేచింది. నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.