గేమ్‌లో వీఐపీ, క్యాంపులో హెల్పర్

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. ఆ రెండున్నర గంటలూ మేము సైటులో ఏసీ కంటైనర్లో నడుం వాల్చి గేమ్ ఆడేవాళ్ళం. ఆరుగురం ఒకే గేమ్, ఒకే అలయన్స్, అంటే గేమ్‌లో ఒకే జట్టు. నలుగురిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, అంటే సోంపేట, కవిటి, కంచిలి చుట్టుపక్కల ఊళ్ళు. మా బావది ఇచ్ఛాపురం. అందరికంటే చిన్నవాడిది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర పల్లె, వాణ్ణి అందరం తమ్ముడనే పిలుస్తాం. అబుదాబిలో ముసఫా దగ్గర లేబర్ క్యాంపులో మాదంతా ఒకే రూము.

గేమ్ పేరు ఎందుకులెండి. కోట కట్టుకోవాలి, సైన్యాన్ని పెంచుకోవాలి, అలయన్స్‌తో కలిసి పక్కవాళ్ళ మీద యుద్ధానికి వెళ్ళాలి, అలాంటిది. డౌన్‌లోడ్ ఉచితం, ఆడటం ఉచితం. మా ఫోర్‌మన్ కూడా మా అలయన్స్‌లోనే ఉండేవాడు. సైటులో ఆయన "ఏయ్, స్పానర్ తే" అంటే తమ్ముడు పరిగెత్తాలి, వాడు హెల్పర్ మరి. కానీ రాత్రి యుద్ధం మొదలైతే ఆయన వీడి మాట కోసం కాచుకుని కూర్చునేవాడు. ఎవరి సైన్యం ఎప్పుడు బయల్దేరితే అందరూ ఒకేసారి శత్రువు కోట దగ్గరికి చేరతారో వీడు సెకన్లతో లెక్కకట్టి చెప్పేవాడు. నలభై మంది, ఎవరెవరో, ఏయే దేశాలవాళ్ళో, వీడు "ఇప్పుడు" అంటే కదిలేవాళ్ళు. పదో తరగతి ఫెయిలై ఏజెంటుకి లక్షన్నర కట్టి వచ్చిన గుంటడికి ప్రపంచంలో ఆ మర్యాద దొరికిన చోటు అదొక్కటే. బంకు మంచం మీద బోర్లా పడుకుని ఆర్డర్లు ఇస్తున్నప్పుడు వాడి గొంతే మారిపోయేది.

అది 2022 వేసవి. అప్పుడే గేమ్‌లోకి ఒక కొత్త హీరో వచ్చాడు. పది రోజులు మాత్రమే, ఆ తర్వాత మళ్ళీ ఎప్పటికీ దొరకడని రాశారు. డబ్బు పెట్టి చక్రం తిప్పితే రావచ్చు, రాకపోవచ్చు. ఎక్కువ డబ్బు పెట్టి పై వీఐపీ లెవెల్‌కి ఎక్కినవాళ్ళకి మాత్రం నేరుగా ఇచ్చేశారు. ఆ హీరో చేతిలో ఉంటే ఎదుటి సైన్యం సగం బలంతోనే పోరాడుతుంది. మూడో రోజు రాత్రి పక్క అలయన్స్‌లో ఒక్కడు, ఒకే ఒక్కడు, మా కోటలన్నీ వరసగా కాల్చేశాడు. నాలుగు నెలలు కూడబెట్టిన సైన్యం నాకు పది నిమిషాల్లో పోయింది. తమ్ముడు లెక్కలు వేస్తూనే ఉన్నాడు, సెకను తేడా రాలేదు, అయినా ఓడిపోయాం. వాడి లెక్కకి విలువ లేకుండా పోయింది, ఆ రోజుతో.

తర్వాత ఏం జరిగిందో నాకు వారం దాకా తెలీదు. జీతం పడగానే తమ్ముడు బకాలాకి, అంటే కిరాణా కొట్టుకి, వెళ్ళి గేమ్ కార్డులు కొన్నాడు. యాభైది ఒకటి, వందవి రెండు, అలా మొత్తం 640 దిర్హమ్‌లు. అప్పటి రేటుకి మన డబ్బుల్లో దాదాపు పద్నాలుగు వేలు. వాడి జీతం వెయ్యి, ఓవర్‌టైమ్ ఉంటే మరో రెండు మూడు వందలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంటి దగ్గర అలాగే ఉంది. "ఇంక పది స్పిన్నులు తిప్పితే గ్యారంటీగా వస్తాదన్నా, ఇప్పుడు ఆపేస్తే పెట్టిందంతా పోతాది" అని తర్వాత నాతో చెప్పాడు. వాళ్ళమ్మ బోటిమ్ యాప్‌లో ఫోన్ చేసి "ఏటి నాన్నా, ఈ నెల డబ్బులు తగ్గిపోనాయి?" అని అడిగితే "ఓటీ లేదమ్మా" అన్నాడు. నాది వాడి కింద బంకు, అన్నీ వినబడతాయి. ఆ నెలలో ఓటీ మేం అందరం చేశాం.

హీరో వచ్చాడు. నెలన్నరకి ఇంకో హీరో వచ్చాడు, మొదటివాడి కంటే బలమైనవాడు.

మా బావ వాదన వేరు. "ఆడి డబ్బు ఆడిష్టం, కష్టపడ్డాడు కొనుక్కున్నాడు, నీకేటి?" అంటాడు. ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్ళు లేకపోతే మనలాంటివాళ్ళకి గేమ్ ఉచితంగా ఎవడిస్తాడని కూడా అంటాడు. ఆ మాట నిజం. మూడేళ్ళు ఆడి నేను పెట్టింది మొత్తం ముప్పై దిర్హమ్‌లు. సర్వర్లకీ బొమ్మలు గీసేవాళ్ళకీ జీతాలు ఎక్కడినుంచో రావాలి కదా. పైగా మా అలయన్స్‌లో ఒక పెద్ద వీఐపీ ఉండేవాడు. అతను ఏ ప్యాక్ కొన్నా అందరికీ ఒక పెట్టె ఉచితంగా వచ్చేది, మేమంతా వరసగా థ్యాంక్స్ చెప్పేవాళ్ళం. మంచి మనిషే. అందుకే డబ్బు పెట్టేవాళ్ళ మీద నాకు కోపం లేదు. పెద్దగా ఖర్చు పెట్టినవాడికి ప్రత్యేకంగా ఏదో ఇవ్వాలన్నా ఒప్పుకుంటాను. ఏమివ్వాలన్న దగ్గరే బావకీ నాకూ పడదు.

మా జిల్లావాళ్ళకి అరసవల్లి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. రథసప్తమికి టికెట్ కొన్నవాడు ముందు వెళ్తాడు, ఉచిత క్యూలోవాడు గంటలు నిలబడతాడు. అది కూడా బాధగానే ఉంటుంది, కానీ లోపలికి వెళ్ళాక ఇద్దరికీ సూర్యనారాయణమూర్తి ఒక్కడే. టికెట్ కొన్నవాడికి ఉచిత క్యూలోవాడి చేతిలో కొబ్బరికాయ లాక్కునే హక్కు రాదు. గేమ్‌లో కొత్త బట్టలు అమ్మండి, కోటకి బంగారు రంగు అమ్మండి, పేరు చుట్టూ మెరుపులు అమ్మండి, ఎంత ధరైనా పెట్టుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి. దుబాయ్‌లో కొన్న గొలుసు ఒకడి మెడలో మెరిస్తే నా మెడకి నష్టమేమీ లేదు. కానీ ఆ హీరో అలాంటిది కాదు. దాన్ని కొన్నవాడు కొన్నది నా ఓటమిని. వాడు గెలవాలంటే ఓడిపోయేవాళ్ళు వేల మంది రోజూ లాగిన్ అవ్వాలి, ఉచితంగా ఆడే మేమే ఆ ఓడిపోయేవాళ్ళం. ఎండలో పని చేసి వచ్చి, నిద్ర మానుకుని, ఎవరికో గెలుపు తయారుచేసి పెడుతున్నామని తెలిశాక నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఈ వ్యాపారంలో బాగా ఖర్చు పెట్టేవాళ్ళని తిమింగలాలు అంటారు, ఆ మాట క్యాసినోల నుంచి వచ్చింది. చక్రం తిప్పడం కూడా అక్కడిదే. దీన్ని ప్రభుత్వాలు పట్టించుకోలేదనీ కాదు. ముక్కలన్నీ లాటరీలో పోగుచేస్తేనే అసలు బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్ 2012లోనే ఆపించింది. ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టాలని చైనా 2017లో రూలు పెట్టింది. డబ్బు తీసుకుని అదృష్టం మీద వదిలేసే పెట్టెలు జూదం చట్టం కిందికే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్ కంపెనీ అమెరికాలో 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది, పదహారేళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆ పెట్టెలు అమ్మకూడదన్న షరతుతో. మన ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది. అక్కడ పట్టుకున్నది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని. తమ్ముడు గెలిచింది డబ్బు కాదు, ఒక బొమ్మ. పోయింది మాత్రం జీతమే.

నాకు మరీ మింగుడుపడనిది "ఈ పది రోజులే, మళ్ళీ దొరకదు" అన్న మాట. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఆ మాట వేరేలా తగులుతుంది. తమ్ముడు వాళ్ళ చెల్లి పెళ్ళికి వెళ్ళలేదు, దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూసి నాలుగేళ్ళయింది, తాత పోతే ఫోన్లో చూశాడు. ఇన్ని పోగొట్టుకున్నవాడి ముందు ఇంకొకటి కూడా పోతుందని గడియారం పెట్టి చూపిస్తే వాడి చెయ్యి ఆగదు. హీరోని అమ్మాలనుకుంటే అమ్మండి, కానీ ఆరు నెలల తర్వాతైనా ఆడి సంపాదించుకునే దారి ఉంచండి. డబ్బున్నవాడు ముందు తీసుకుంటాడు, ఓపికున్నవాడు తర్వాత తీసుకుంటాడు. అది నేను ఒప్పుకుంటాను.

ఓపిక అంటే మాకు తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లని పడగొట్టేశాక నాన్న మళ్ళీ మొక్కలు పెట్టారు, నేను విమానం ఎక్కాను. ఆరేళ్ళు దాటాక ఇప్పుడు సెలవు మీద కవిటి వచ్చి చూస్తే కాపుకొచ్చాయి. ముందే కాయించే ప్యాక్ ఎవరూ అమ్మలేదు, పక్కతోటవాళ్ళ మొక్కలూ మావాటితోపాటే పెరిగాయి.

మొన్న అక్క కొడుకు, ఏడో తరగతి, ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మామా, ఒక్క ఓటీపీ సెప్పవా" అన్నాడు. వాడు ఆడేది వేరే గేమ్. వాడికి రెండు కావాలి, ఒక డ్రెస్, ఒక తుపాకీ రంగు. ఆ రంగు వేస్తే తుపాకీ కాస్త గట్టిగా కొడుతుందట. ఎనభై రూపాయలకి డ్రెస్ కొనిచ్చాను, తుపాకీ వద్దన్నాను.

"ఏటి మామా తేడా, రెండూ బొమ్మలే కదా?"

"డ్రెస్ నీ ఒంటి మీద ఉంటాది. తుపాకీ ఎదుటోడికి తగుల్తాది."

వాడు కాసేపు ఆలోచించాడు. "ఎదుటోడి దగ్గర అది ఉంది మామా. ఆడు రోజూ నన్ను కొట్టేస్తన్నాడు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. బోటిమ్‌లో చీపురుపల్లి తమ్ముడికి కలిపి, ఇలా ఉందిరా పరిస్థితి అని చెప్పి, ఫోన్ వీడి చేతికిచ్చాను. అక్కడ మధ్యాహ్నం బ్రేకు టైము. ఎటునుంచి వస్తున్నాడు, ఎంత దూరంలో ఆగుతున్నాడు, ఎన్నిసార్లు కాల్చాక తూటాలు అయిపోతున్నాయి అని వాడు ఒక్కొక్కటే అడుగుతున్నాడు, వీడు చెబుతున్నాడు. అరుగు మీద కూర్చుని మూడు సార్లు ఓడిపోయాడు. నాలుగోసారికి మా అక్క అన్నానికి పిలిచినా లేవలేదు.