ఆనెకాయకు బ్లేడు పెట్టకండి

మా బాపు 30 ఏళ్లు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోశాడు. మిర్చి సీజన్ వస్తే పొద్దున్నుంచి రాత్రిదాకా కాళ్ల మీదే, ఆ కాళ్లకు అడుగు అరిగిపోయిన హవాయి చెప్పులు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత కాయ కాసింది. ముదిరినప్పుడల్లా బ్లేడుతో చెక్కుకునేవాడు, మేమూ ఏమీ అనలేదు, అందరూ చేసేదే కదా అనుకున్నాం. రెండేళ్ల కింద ఒకసారి లోతుగా తెగింది. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గిపోయి నొప్పే తెలియలేదు, మామూలుగానే పనికి పోయాడు, నాలుగో రోజు చెప్పు మీద చీము మరక చూసి అమ్మ ఏడ్చింది. పుండు మానడానికి 3 నెలలు పట్టింది.

ఒకే చోట ఒత్తిడి, రాపిడి పడుతుంటే చర్మం తనను కాపాడుకోవడానికి మందమవుతుంది, కాయ అంటే అంతే. ఒత్తిడి పోనంతవరకు ఎంత చెక్కినా మళ్లీ వస్తుంది.

షుగర్ లేనివాళ్లయితే గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు కాళ్లు నానబెట్టి, కాళ్లు రుద్దుకునే గరుకు రాయితో మెల్లగా రుద్దండి, ఒక్కరోజులోనే మొత్తం పోవాలని పచ్చి చర్మం తేలేదాకా రుద్దితే మాత్రం పుండే. తడి తుడుచుకుని రాత్రి యూరియా క్రీమ్ రాయండి, వేళ్ల సందుల్లో వద్దు. యూరియా అనగానే అమ్మ పొలంలో చల్లేదా అంది! అదే పదార్థం, కానీ క్రీమ్‌లో అది చర్మానికి తేమ పట్టి మెత్తబరుస్తుంది, మెడికల్ షాపుల్లో 10 శాతం, 20 శాతం దొరుకుతాయి. ఆనెకాయల పట్టీల్లో ఉండే సాలిసిలిక్ యాసిడ్ పక్కనున్న మంచి చర్మాన్ని కూడా కాలుస్తుంది, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా అస్సలు వాడొద్దు.

నల్లటి చుక్కలు కనిపించి, పక్కల నుంచి నొక్కితే నొప్పి పుడుతుంటే అది పులిపిరి కావచ్చు, డాక్టర్‌కు చూపించండి.

చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి ఇరుకైనవి వెంటనే తెలిసిపోతాయి. బాపుకు హన్మకొండ చౌరస్తాలో అట్లానే మెత్తటి అడుగున్నవి, ముందు వెడల్పుగా ఉన్నవి తీసుకున్నాం. కాయను ఇప్పుడు డాక్టరే తీస్తున్నాడు. రోజూ రాత్రి బాపు మంచం మీద కాలు చాపితే నేను ఫోన్ లైటు వేసి అరికాలంతా చూస్తాను.