4 జులై, బ్రాడీపేట

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పళ్ళ డాక్టర్ గారి ఫోన్. ఆయన క్లినిక్ గూగుల్‌లో ముందు కనపడేట్టు చూడటం నా పని. నేను అప్పుడే పప్పన్నం కలుపుకున్నాను. ఎత్తకపోతే పది నిమిషాల్లో మళ్ళీ చేస్తారు. అదీ ఎత్తకపోతే వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. ఎడంచేత్తో ఎత్తాను.

"ఏందమ్మా ఇది, గూగుల్ మ్యాప్‌లో మనం ఏడో నంబర్లో ఉన్నాం!"

"ఎక్కణ్ణుంచి చూస్తున్నారు సార్?"

"మా బావమరిది వాళ్ళింట్లో ఉన్నా. నల్లపాడు."

"పొద్దున క్లినిక్‌లో చూసినప్పుడు?"

"అప్పుడు ఫస్టే ఉంది. ఈ లోపల ఏం చేశారు మీరు?"

నేనేం చేయలేదు. ఆయనే ఊరి చివరికి వెళ్ళారు. గూగుల్ మ్యాప్‌లో ఎవరిని ముందు చూపించాలో మూడు విషయాలు చూస్తామని గూగుల్ తన సహాయం పేజీలోనే రాసి పెట్టింది. వెతికినదానికి ఎంత సరిపోతుంది, వెతికినవాళ్ళకి ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. మొదటిదానికీ మూడోదానికీ నేను కష్టపడగలను. రెండోది నా చేతిలో లేదు.

"సార్, నల్లపాడులో పన్ను నొప్పొచ్చినవాడు మధ్యలో ఆరుగురు డాక్టర్లని దాటుకుని బ్రాడీపేట దాకా వస్తాడా?"

"ఎందుకు రాడు? మా బావమరిది వస్తాడుగా."

"ఆయన మీ బావమరిది సార్."

ఫోన్ పెట్టేసరికి అన్నం చల్లారిపోయింది.

గుంటూరులో ఈ పని పెట్టుకుని పదేళ్ళు దాటింది. మేడమీద ఒక గది, మూడు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, ఇద్దరు పిల్లలు. అంటే నా పిల్లలు కాదు, పని చేసేవాళ్ళు. మా అత్తగారిని ఎవరైనా అడిగితే "మా కోడలు గూగుల్‌లో చేస్తుంది" అని చెప్తారు. ఆ మాట పట్టుకుని పక్కవీధి ఆవిడ ఒకరోజు వాళ్ళబ్బాయి రెజ్యూమె కవర్లో పెట్టుకుని వచ్చింది. ఆవిడకి కాఫీ ఇచ్చి విషయం చెప్పడానికి అరగంట పట్టింది. నమ్మలేదనుకుంటాను, కవర్ మాత్రం వదిలేసి వెళ్ళింది.

ఈ పనినే ఎస్ఈఓ అంటారు. బయటి ఊళ్ళవాళ్ళు ఎస్ఈఓ అంటే ఏదో కోడ్ రాయడం అనుకుంటారు. ఇక్కడ నా పనిలో సగం అడ్రసులు సరిచేయడమే. మా ఊరివాళ్ళకి తెలిసిందే, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రస్ అంటే రెండు అంకెలు. మొదటిది లైను, రెండోది అడ్డరోడ్డు. నాలుగో లైనులో ఏడో అడ్డరోడ్డు అయితే 4/7. ఆటో ఎక్కి "ఫోర్ బై సెవెన్" అంటే చాలు, ఇంకో ప్రశ్న లేకుండా తీసుకెళ్ళి దింపుతాడు. డోర్ నంబర్ వేరే ఉంటుంది, మూడు ముక్కలుగా. అది కరెంటు బిల్లుకీ ఇంటి పన్ను రసీదుకీ తప్ప ఎవరికీ గుర్తుండదు.

డాక్టర్ గారి పని నా చేతికొచ్చినప్పుడు ఆయన అడ్రస్ నెట్‌లో ఐదు రకాలుగా ఉంది. వెబ్‌సైట్లో 4/7. గూగుల్లో 4-7, ఎవరో దాన్ని డోర్ నంబర్ అనుకుని అడ్డగీత పెట్టేశారు. ఇంకోచోట బ్రాడీపేట స్పెల్లింగే వేరు. మరోచోట పాత ల్యాండ్‌లైన్ నంబర్. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక డైరెక్టరీ సైట్లో కనపడింది: "4 జులై, బ్రాడీపేట, గుంటూరు 522002". ఎవరో కుర్రాడు ఎక్సెల్ షీట్లో 4/7 అని కొట్టాడు, ఎక్సెల్ దాన్ని తేదీ చేసేసింది, అతను చూసుకోకుండా అట్లాగే ఎక్కించాడు. నవ్వడానికి బాగానే ఉంటుంది గానీ, అయిదు చోట్ల అయిదు రకాలుగా ఉంటే ఇదంతా ఒకే క్లినిక్కని గూగుల్‌కి మాత్రం ఎట్లా తెలుస్తుంది?

పైగా మ్యాప్‌లో పిన్ రెండు లైన్ల అవతల, తాళం వేసి ఉన్న ఒక ఇంటి ముందు పడింది. బుగ్గ వాచినవాళ్ళు ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసేవాళ్ళట. వాళ్ళకి దారి చెప్పడం కాంపౌండర్‌కి రోజూ ఒక పని. నేను స్కూటీ మీద వెళ్ళి, క్లినిక్ మెట్ల మీద నిలబడి, పిన్‌ని వేలితో జరిపి, సరిగ్గా గుమ్మం మీద పెట్టాను. ఆ నెలలో నేను చేసినవాటిలో డాక్టర్ గారికి అర్థమైన పని అదొక్కటే. కాంపౌండర్ నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

తర్వాత ఒక శుక్రవారం ఆ లిస్టింగ్, అంటే మ్యాప్‌లో క్లినిక్ పేరూ అడ్రసూ ఫోన్ నంబరూ కనపడేది, మొత్తం మాయమైంది. సస్పెండ్ అని మెయిల్. తవ్వితే తేలింది, ఆ నల్లపాడు బావమరిది గారబ్బాయి, బీటెక్ మూడో ఏడు, మామయ్యకి సాయం చేద్దామని లాగిన్ అయి క్లినిక్ పేరు పక్కన "బెస్ట్ డెంటిస్ట్ ఇన్ గుంటూరు" అని తగిలించాడు. బోర్డు మీద ఏ పేరుంటే అదే రాయాలి, గుణగణాలు కలపకూడదు. అంతకుముందు నెల కూడా వాడే హాస్టల్లో 22 మందిచేత ఒకే సాయంత్రం అయిదు స్టార్లు వేయించాడు. అందులో సగం మంది "సూపర్ బ్రో" అని రాశారు, పళ్ళ డాక్టర్‌కి. అవన్నీ వారంలో ఎగిరిపోయాయి.

మళ్ళీ తెప్పించాలంటే కరెంటు బిల్లు, బోర్డు ఫోటో, వీడియో వెరిఫికేషన్. వీడియో మధ్యలో ఆపకూడదు, అతికించకూడదు. వీధి కనపడాలి, బోర్డు కనపడాలి, తాళం మనమే తీసి లోపలికెళ్ళాలి, కుర్చీ, పరికరాలు చూపించాలి. అర నిమిషం పనే అని వెళ్ళాను. లైను నంబర్ రాసిన బోర్డు మీద ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. కాంపౌండర్ స్టూలెక్కి దాని మూల పైకెత్తి పట్టుకున్నాడు. మొదటిసారి షట్టర్ సగంలో ఇరుక్కుంది. రెండోసారి డాక్టర్ గారు కోటు సర్దుకుని "నమస్కారం, నేను గత ముప్ఫయ్యేళ్ళుగా" అని మొదలుపెట్టారు. ఉపన్యాసం అక్కర్లేదు సార్, తాళం తీయండి చాలన్నాను. చిన్నబుచ్చుకున్నారు. మూడోసారి అంతా కుదిరింది, కాకపోతే వెనక టమాటా బండివాడి మైకు. ఇంక నా వల్ల కాదని అదే పంపించాను. తొమ్మిదో రోజున లిస్టింగ్ తిరిగొచ్చింది. బీటెక్ కుర్రాడి లాగిన్ ఆ పూటే తీసేశాను.

గ్యారెంటీ ఇస్తారా అని అడుగుతారు ప్రతివాళ్ళూ. ఫస్ట్ ప్లేస్ గ్యారెంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసింది, నేనెవర్ని ఇవ్వడానికి? "గూగుల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఈరోజు డబ్బు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం" అని ఫోన్లొస్తుంటాయి మా క్లయింట్లకి. ఆ లిస్టింగ్ ఉచితమండీ, కట్టడానికేం లేదు. నాకు నెలకి ఎనిమిది వేలివ్వడానికి మూడు వారాలు ఆలోచించే పెద్దమనిషి ఒకాయన అట్లాంటి ఫోన్‌కి పన్నెండు వేలు పది నిమిషాల్లో కట్టేశాడు. కడుపు మండదా మరి?

నేనేమీ పత్తిత్తుని కాదు. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేసేదాన్ని. క్లయింట్ల సైట్లు గూగుల్‌లో పైకి రావాలని రోజుకి అరవై డైరెక్టరీల్లో లింకులు పెట్టడం, ఒకే వ్యాసాన్ని మాటలు మార్చి నలభై రకాలుగా తిప్పి రాయడం, అదీ ఉద్యోగం. 2012 ఏప్రిల్ 24న గూగుల్ తన సెర్చ్‌లో పెంగ్విన్ అనే మార్పు వదిలింది. కొన్న లింకులూ అతికించిన లింకులూ ఉన్న సైట్లు చాలా కిందికి జారాయి. ఆ తర్వాత మూడు నెలలు అదే కుర్చీలో కూర్చుని, నేను పెట్టిన లింకులనే తీసేయమని ఆ సైట్లవాళ్ళకి మెయిళ్ళు రాశాను. కొందరు తీయడానికి డబ్బడిగారు.

ఇక్కడికొచ్చాక చేసిన తప్పు ఇంకా పెద్దది. పట్టాభిపురంలో పచ్చళ్ళు పెట్టే పిన్నిగారు ఒకావిడ ఉన్నారు. ఆవకాయ, గోంగూర, మాగాయ, కొట్టించిన కారం. ఎండాకాలం ముందు ఆవిడ సైట్ కొత్తగా కట్టించాం. కట్టేటప్పుడు పని సగంలో ఉన్నది బయటికి కనపడకూడదని, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఒక చిన్న గడిలో టిక్ పెడతాం, సెర్చ్ ఇంజిన్లు రావద్దని. పూర్తయ్యాక ఆ టిక్ తీయాలి. నేను తీయలేదు. కుర్రాళ్ళ మీద తోసేయడం తేలిక, కానీ ఆ చివరి చూపు నాది. 23 రోజులు. సరిగ్గా మామిడికాయలు దిగి, అమెరికాలో పిల్లలున్నవాళ్ళంతా కొత్తావకాయ కోసం వెతికే 23 రోజులు. మన సైట్ గూగుల్‌లో ఎట్లా కనపడుతోందో చెప్పే సెర్చ్ కన్సోల్ తెరిస్తే, పేజీలు కనపడకపోవడానికి అన్నిటికీ ఒకటే కారణం, నోఇండెక్స్, అంటే ఆ టిక్కే. చేతులు చల్లబడ్డాయి. మెయిల్ కూడా వచ్చింది, నేనే చదవలేదు.

ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇంటికే వెళ్ళాను. ఆవిడ నేలమీద కూర్చుని జాడీకి వాసెన కడుతున్నారు. చెప్పాల్సిందంతా చెప్పాను. తలెత్తకుండా విన్నారు.

"అయితే అమ్మాయ్, ఈ నెల నీకు డబ్బులివ్వాలా?"

"అక్కర్లేదు పిన్నిగారూ. వచ్చే నెల కూడా వద్దు."

"అట్లాగే." ముడి బిగించి, "ఈ కొస పట్టుకో" అన్నారు.

వచ్చేటప్పుడు గోంగూర సీసా ఇచ్చారు. దాని డబ్బులు మాత్రం తీసుకున్నారు. ఆ రోజు నుంచి ఏ సైట్ బయటికొచ్చినా ఆ టిక్ నేనే చూస్తాను, ఒకసారి రాత్రి, మళ్ళీ పొద్దున.

ఇంతకీ జనం ఏమని వెతుకుతారో తెలుసా? డాక్టర్ గారు తన సైట్ నిండా ఎండోడాంటిక్స్, ప్రోస్తోడాంటిక్స్ అని రాయించుకున్నారు. సెర్చ్ కన్సోల్లో చూస్తే "పిప్పి పన్ను తీయాలా", "రూట్ కెనాల్ నొప్పి ఉంటుందా", అదీ ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన తెలుగు. 2016లో జియో వచ్చినప్పటి నుంచీ ఇదే చూస్తున్నాను. ఆయన్ని కూర్చోబెట్టి, పేషంట్లు కుర్చీలో అడిగే ప్రశ్నలు చెప్పమని రికార్డ్ చేసి, ఆయన మాటల్లోనే పదకొండు పేజీలు పెట్టాం. "అది తీసేయక్కర్లేదమ్మా, లోపల నరం శుభ్రం చేసి టోపీ పెడతాం" అన్నది అట్లాగే ఉంచాం. ఆ పేజీ చదివే చాలామంది ఫోన్ చేసేవాళ్ళు. 2024లో గూగుల్ ఏఐ జవాబులు మన దేశానికి వచ్చాక ఆ పేజీల మీద నొక్కేవాళ్ళు తగ్గారు, జవాబు పైనే దొరుకుతోంది మరి. అయినా పన్ను పీకించుకోవడానికి ఎక్కడికో ఒకచోటికి రావాలిగా, మ్యాప్ నుంచి వచ్చే ఫోన్లు తగ్గలేదు. ఆ ఫోన్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఎత్తరు, అది వేరే గొడవ. డాక్టర్ గారు నిద్రపోతారు, కాంపౌండర్ కూడా నిద్రపోతాడు. దానికి నా దగ్గర మందు లేదు.

మొన్న మళ్ళీ స్క్రీన్‌షాట్ వచ్చింది. తెనాలిలో పెళ్ళికి వెళ్ళారట. కింద ఒకటే లైను.

"ఇక్కడ అసలు మనం లేనే లేమేంటమ్మా?"

"సార్, ముందు భోంచేయండి" అని పంపించాను.