డ్రేయేజ్ అంటే

అమెరికా వెళ్లే కంటైనర్ల పని చూసే ఉద్యోగంలో చేరాక, బిల్లుల్లో నన్ను బాగా పట్టుకున్న మాట డ్రేయేజ్. ఓడరేవు నుంచి దగ్గర్లోని గోదాముకో, రైల్వే యార్డుకో కంటైనర్‌ని లారీలో చేర్చడం. ఆ కిరాయినీ అలాగే అంటారు.

దీని మూలం డ్రే. పక్క పలకలు లేని, ఎత్తు తక్కువ బండి. బరువైన పీపాల్ని ఎక్కించడం, దించడం తేలికని అలా కట్టేవారు. ‘లాగడం’ అనే పాత ఇంగ్లీషు క్రియకు ఆ పేరు చుట్టం. లాగేవి గుర్రాలు కాబట్టి దూరం ఎప్పుడూ తక్కువే. 1956లో ఐడియల్ ఎక్స్ ఓడ 58 కంటైనర్లతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ వెళ్లింది. సరుకుని అలా కంటైనర్లలో పంపే పద్ధతి పెరిగాక, వాటిని మోసే లారీల పనికీ పాత బండి పేరే అంటుకుంది.

దూరం చిన్నదే కానీ, టెన్షన్ అంతా ఇక్కడే. కస్టమ్స్ క్లియరెన్స్, టెర్మినల్ (రేవులో కంటైనర్లు దించి ఉంచే చోటు) అపాయింట్‌మెంట్, కంటైనర్ కింద పెట్టే చక్రాల చట్రం చాసిస్, మూడూ కుదరాలి. ఉచిత గడువు దాటినా కంటైనర్ టెర్మినల్‌లోనే ఉంటే డెమరేజ్ అనే జరిమానా. బయటికి తెచ్చి ఖాళీది ఆలస్యంగా తిరిగిస్తే డిటెన్షన్ అనే జరిమానా.

మొన్న చాసిస్ దొరక్క మా లోడు ఆగింది. నా బాధ జరిమానా గురించి కాదు, డ్రైవర్ గురించి. అమెరికాలో ఈ డ్రైవర్లు చాలామందికి ట్రిప్పు లెక్కనే డబ్బు. గేటు దగ్గర క్యూలో గడిచిన గంటలకు చాలాసార్లు ఏమీ రాదు. ఇది అన్యాయం. ఆ వెయిటింగ్‌కి కూడా కూలి కట్టాలని మా టీమ్‌లో గట్టిగా అడుగుతున్నాను.