అమ్మాయి ఫ్రెంచ్ ఓరల్‌కి అమ్మమ్మ యానాం

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) ఫ్రెంచ్ చదువుతోంది. ఇంట్లో ఇంకెవరికీ ఫ్రెంచ్ ముక్క రాదు. అయినా ఈసారి దాని ఓరల్ పరీక్ష, అంటే ఫ్రెంచ్‌లో మాట్లాడే పరీక్ష, తయారీలో ఇంటిల్లిపాదీ, కాకినాడలో ఉన్న మా అమ్మతో సహా, పాలుపంచుకున్నాం. ఇక్కడ మనవాళ్ళు చాలామంది మ్యాథ్స్, కెమిస్ట్రీ అయితే పిల్లల పక్కన కూర్చుంటారు. భాష అనగానే ట్యూటర్ కోసం వెతుకుతారు. మనం చేయగలిగింది చాలా ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏక్యూఏ అనే పరీక్షల బోర్డులో ఈ పరీక్ష 21 నుంచి 23 నిమిషాలు, అందులో 5 నిమిషాలు తయారీకి. 60 మార్కులు, అంటే మొత్తం ఎ-లెవెల్‌లో 30 శాతం. ముందు ఒక కార్డు ఇచ్చి దాని మీద మాట్లాడిస్తారు. తర్వాతది అసలు ఘట్టం. ఫ్రెంచ్ మాట్లాడే దేశానికో సమాజానికో సంబంధించిన విషయం ఒకటి పిల్లలే ఎంచుకుని, పరిశోధించి, 2 నిమిషాలు చెప్పాలి. ఆపైన 9, 10 నిమిషాలు ప్రశ్నలకు జవాబివ్వాలి. ఆ 2 నిమిషాల ప్రసంగానికి 5 మార్కులే, చర్చకు 30. బట్టీ పట్టి ఒప్పజెప్పేవాళ్ళకి అక్కడ పెద్దగా దక్కేదేమీ ఉండదు.

గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉందని అమ్మమ్మ ఫోన్‌లో చెప్పిన రోజే దానికి విషయం దొరికింది. టీచర్ మాత్రం ముందే హెచ్చరించారు: ఊరి చరిత్ర చెబితే సరిపోదు, అక్కడ ఫ్రాన్స్ ఏం చేసిందో, ఎందుకు చేసిందో చెప్పాలి. ఆ హెచ్చరిక చాలా విలువైనది. లేకపోతే మన ఊరి మీద ప్రేమతో పరీక్షకు పనికిరాని సంగతులన్నీ దాని నెత్తిన రుద్దేవాళ్ళం.

తవ్వేకొద్దీ మా ఇంటి సంగతే బయటపడింది. మా అమ్మమ్మ, అంటే మా అమ్మాయికి ముత్తవ్వ, పుట్టిల్లు యానాం దగ్గర ముమ్మిడివరం వైపు. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చి, 14 ఏళ్ళలోపు ఆడపిల్లకి పెళ్ళి చేయడం బ్రిటిష్ ఇండియాలో నేరమైంది. యానాంలో ఆ చట్టం చెల్లదు. అందుకే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. యానానికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. "మా అమ్మ పెళ్ళీ అక్కడే అయిందే. ఎదుర్లంక రేవులో పడవెక్కి వెళ్ళారట" అంది అమ్మ.

"పోలీసులు రాలేదా అమ్మమ్మా?"

"బ్రిటిష్ పోలీసులు ఎలా వస్తారే, అది ఫ్రెంచివాళ్ళ ఊరు కదా!"

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, స్వేచ్ఛ, సమానత్వం అని చెప్పుకునే దేశం దీన్ని ఎలా ఊరుకుందని. ఆ ప్రశ్నే దాని పరిశోధనకు ప్రాణం పోసింది. పెళ్ళి, వారసత్వం వంటి విషయాల్లో హిందువులు తమ ఆచారాలనే పాటించేందుకు ఫ్రెంచ్ ప్రభుత్వం అనుమతించింది. 1881 డిక్రీ (ప్రభుత్వ ఆజ్ఞ) ప్రకారం వాటిని తమంతట తాము వదులుకున్నవాళ్ళకే ఫ్రెంచ్ సివిల్ కోడ్ అనే పౌర చట్టం వర్తించేది. ఇది గౌరవమా, బాధ్యత తప్పించుకోవడమా అని మా అమ్మాయి ఇప్పటికీ వాదిస్తూనే ఉంది. ముత్తవ్వ సంగతి దాని దగ్గర దాచాలని నాకు ఒక్కసారీ అనిపించలేదు. కష్టమైనవి దాచి మన సంస్కృతి గొప్పదని మాత్రం చెబితే పిల్లలు అసలు నమ్మరు.

తర్వాత అది ఒక తేదీ దగ్గర ఆగింది. 1954 నవంబర్ 1న యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహే భారత్ చేతికి వచ్చాయి. సరిగ్గా అదే రోజు ఉత్తర ఆఫ్రికాలో ఫ్రాన్స్ ఏలుతున్న అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ఆ ఏడాది మే నెలలోనే ఫ్రాన్స్ వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఓడిపోయింది. ఇక్కడ సంతకంతో వదులుకున్న దేశం అక్కడ 1962 దాకా ఎందుకు పోరాడింది? అల్జీరియాను ఫ్రాన్స్‌లో భాగంగానే చూశారు, లక్షల మంది యూరోపియన్లు అక్కడ స్థిరపడ్డారు. యానాం చుట్టూ ఉన్నదంతా భారత్ నేల. అల్జీరియా 1962 జూలైలో స్వతంత్రమైంది, మన వైపు యానాం వంటి చోట్లను భారత్‌కి అప్పగించే ఒప్పందం చట్టబద్ధంగా పూర్తయింది అదే ఏడాది ఆగస్టు 16న. ఎగ్జామినర్‌కి కావలసింది ఇలాంటి ముడులు విప్పడమే.

మేం చేసిన పని చిన్నదే. రాత్రి అన్నాల దగ్గర ఆ రోజు చదివింది తెలుగులో చెప్పమనేవాళ్ళం. "ఎందుకు?", "ఎవరు చెప్పారు?", "అవతలివాళ్ళేమన్నారు?" అని మేమిద్దరం అడిగేవాళ్ళం. నేర్చుకున్న ఫ్రెంచ్ వాక్యాల చాటున దాక్కునే వీలు మా దగ్గర లేదు. తనకు అర్థంకాని చోట తెలుగులో వెంటనే తడబడేది. ఆ ప్రశ్నలకే తర్వాత గదిలో ఫ్రెంచ్‌లో జవాబు చెప్పుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినేది. అమ్మమ్మ మాటలు ఎంత అమూల్యమైనా పరీక్షకు అవి ఒక్కటే చాలవు. ఫ్రెంచ్‌లో ఉన్న ఆధారాలు చదవాలి. ల మోంద్ అనే ఫ్రెంచ్ పత్రిక పాత వార్తలు దానికి బాగా పనికొచ్చాయి.

మొన్న మా అమ్మ ఇంకో ప్రశ్న వేసింది: "మరి యానాం జనాన్ని ఎవరైనా అడిగారుటే, మీకు ఎవరు కావాలని?" ప్రజల సమ్మతి లేకుండా ఏ భూభాగాన్నీ వదులుకోకూడదని 1946 ఫ్రెంచ్ రాజ్యాంగం 27వ అధికరణంలో ఉంది. ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉన్న బెంగాల్‌లోని చందర్‌నగర్‌లో 1949లో ప్రజల ఓటు తీసుకున్నారు. మిగతా నాలుగు చోట్ల మాత్రం 1954 అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేశారు, 170 మంది విలీనానికే. యానాంలోనైతే జూన్ 13నే దడాల రఫేల్ రమణయ్య వంటివాళ్ళ నాయకత్వంలో విలీనవాదులు పాలనను తమ చేతుల్లోకి తీసుకున్నారు. దాన్ని ప్రజాభిప్రాయం అనొచ్చా?

మా అమ్మాయి రెండు వైపులా వాదనలు కాగితం మీద రాసుకుంది. తను ఏ వైపో పరీక్షలోపు తేల్చుకోవాలి. చివరికి వాళ్ళు అడగబోయేది "నువ్వేమంటావు?" అనే.