బొంగు పచ్చిగా ఉండాలి, మాంసం కాదు

అందరూ పడుకున్నారు. సంచులు విప్పలేదు, రేపు చూసుకుందాం. అరకు వెళ్ళొచ్చిన సంతోషం రాయాలని కూర్చుంటే అక్కడ ఒక కొట్లో పెట్టిన బొంగు చికెనే, అదే వెదురు బొంగులో కూరి నిప్పుల మీద వండే కోడి, గుర్తొస్తోంది. ముందు అది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

పైన బొంగు మాడి బొగ్గైపోయింది, లోపల ఎముక దగ్గర మాంసం ఎర్రగా ఉంది. అత్తయ్య ఒక్క ముక్క కొరికి విస్తరి పక్కకి జరిపేశారు. పిల్లలని ముట్టుకోనివ్వలేదు. డబ్బు పోతే పోయింది. బొంగు చికెన్ అంటే ఇంతేనా అని చిన్నోడు మొహం తిప్పుకున్నాడు చూడండి, అది బాధ. ఇంతే కాదురా నాన్నా అని చెప్పడానికి అక్కడ వాడికి చూపించగలిగింది ఏమీ లేకపోయింది.

అనంతగిరి దగ్గర ఒక ఊళ్ళో ఒక పెద్దాయన ఇంటి పెరట్లో వండగా చూశాను, చాలా ఏళ్ళ కిందట. ఆయన కోడి సంగతి తర్వాత చూశాడు, ముందు బొంగు చూశాడు. అప్పుడే నరికిన పచ్చి బొంగు కావాలి. గోటితో గీరితే తడి తగలాలి. పొడవు మూరెడు, లావు చెయ్యి లోపలికి దూరీ దూరనంత. కింది కణుపు అలాగే ఉంచి, పై కణుపు దిగువన కోస్తే ఒకవైపు మూసి ఒకవైపు తెరిచి ఉంటుంది. లోపల పల్చటి పొర ఒకటి, కోసినప్పుడు పడిన రజను కొంత ఉంటాయి. నీళ్ళు పోసి గిలకరించి రెండు మూడుసార్లు పారబోయాలి. లేకపోతే తినేటప్పుడు పంటికింద పడుతుంది.

కోడి ముక్కలు ఎముకతోనే, చిన్నవిగా. కిలో మాంసానికి రెండు చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, మూడు చెంచాల కారం, ధనియాల పొడి, పిడికెడు అల్లం వెల్లుల్లి దంచిన ముద్ద, చీల్చిన పచ్చిమిరపకాయలు. నూనె లేదు, నీళ్ళూ లేవు. గంటసేపు నానాక బొంగులో ముప్పాతిక వంతు మాత్రమే నింపాలి. అడుగు నేలకి తట్టి ముక్కల్ని సర్దాలి తప్ప, కర్రతో కూరకూడదు. కూరితే ఆవిరి తిరగడానికి సందు ఉండదు, నడిమి ముక్కలు ఉడకవు. మూతికి అడ్డాకులు మడిచి దోపుతారు, అదీ మరీ బిగించి కాదు. ఆవిరి బయటికి రాకపోతే బొంగు పగులుతుంది.

నేను పొయ్యి రాజేస్తూ ఇంకో కట్టె తోయబోతే, "మంట కాదమ్మా, నిప్పులు కావాలి" అన్నాడు. కట్టెలు కాలి కణకణలాడే నిప్పులయ్యేదాకా బొంగు పెట్టనే లేదు. ఒక రాయికి ఏటవాలుగా ఆనించి, మూతి పైకి ఉండేలా పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ కూర్చున్నాడు. ఆకుపచ్చ రంగు పసుపుగా మారింది, తర్వాత గోధుమ రంగు, తర్వాత నలుపు. మూతి దగ్గర ఆకుల సందుల్లోంచి నీరు బుస్సుమని పొంగింది. మొదట పచ్చి వెదురు వాసన వస్తుంది, మాంసం వాసన దాన్ని మించాలి. అప్పుడే దించాలి. ఫారం కోడి అయితే ముప్పావుగంట, నాటుకోడికి గంట పైన. దించాక కూడా కాసేపు ఆగి, అడ్డాకు విస్తట్లో వంపాడు. ముక్క చుట్టూ పల్చటి రసం. అందులో సగం రుచి ఆ పచ్చి బొంగు గోడలోని నీటిదే. ఆ నీరే బొంగుని కాలిపోకుండా కాపాడుతుంది, లోపల ముక్కని ఆవిరి మీద ఉడికిస్తుంది.

మొన్న మేం తిన్నచోట ఈ నీరే లేదు. బొంగులు ఎండి, పొడుగునా చీలికలు. ఒకదాని లోపల పాత కొవ్వు కమురు వాసన, అంటే వాడిందే మళ్ళీ వాడారు. కింద ఎగిసిపడే మంట. పావుగంటలో చేతికిచ్చారు. ఎండు బొంగుకి మంట తగిలితే బొంగే ముందు కాలుతుంది, మాంసం ఎలా ఉడుకుతుంది?

ఇదంతా రాశాక, కోపం మొత్తం ఆ కొట్టువాళ్ళ మీదే పెట్టుకోవడం సబబు కాదేమో అనిపిస్తోంది. నవంబరు నుంచి జనవరి దాకా మధ్యాహ్నం అయ్యేసరికి బళ్ళన్నీ ఒకేసారి వచ్చి ఆగుతాయి. దిగిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి మాట "ఎంతసేపు?" అనే. గంట అంటే పక్క కొట్టుకి పోతారు. అందుకని సగం ఉడికించి పెట్టుకుని, మనం వచ్చాక మళ్ళీ కాలుస్తారు. అది ఇంకా ప్రమాదం, సగం ఉడికిన మాంసం గంటలకొద్దీ అలా ఉండకూడదు. పైగా బొంగు ఒక్కసారికే పనికొస్తుంది. ఒక్కో జట్టుకీ ఒక్కో పచ్చి బొంగు నరకాలంటే ఎంత వెదురు కావాలి? రోడ్డు పక్కన గుట్టలుగా పడున్న మాడిన బొంగులు చూస్తే, ఇన్ని తినాలా మనం అనిపించింది. పొద్దున పైకి వెళ్ళేటప్పుడే ఆగి, పచ్చి బొంగు చూసి, ఫలానా వేళకి వస్తామని చెప్పి వెళ్ళేవాళ్ళు పదిమంది ఉంటే ఈ వంట మళ్ళీ సరిగ్గా నడుస్తుంది. అలాగని పచ్చి మాంసం పెట్టినవాళ్ళని నేను వెనకేసుకురాను. "కాలేదు, ఆగండి" అనొచ్చు కదా.

మిగతావి త్వరగా రాసేస్తాను. విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండోల్ రైల్లో వెళ్ళాం. బొర్రా దాటి శిమిలిగుడ స్టేషన్ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి చేరాక చలి తెలిసింది. వలిసెలు పూసి కొండవాలంతా పసుపు. ఫోటోల కోసం చేలో పడి తొక్కేస్తున్నారు, అవి నూనెగింజలు, ఎవరిదో పంట. గట్టు మీద నిలబడితే ఫోటో రాదా!

కాఫీ తోటల్లో పళ్ళు ఎర్రబడ్డాయి. సిల్వర్ ఓక్ నీడ, దానికి పాకిన మిరియం తీగ, కింద కాఫీ. ఎర్రపళ్ళే ఏరాలి. పచ్చికాయ కలిస్తే కాఫీ వగరెక్కుతుంది. కోసిన రోజే తొక్క తీసి, గింజకంటిన జిగురు పులిసి వదిలేదాకా ఉంచి, కడిగి ఆరబెట్టాలి. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అందుకే ప్రతి కొట్లోనూ అదే పేరు. ఈయన కొన్న పొడి ఇంటికొచ్చాక చూస్తే చికోరీ, అంటే ఒక మొక్క వేరు పొడి, కలిపింది. చికోరీ ఎంత శాతమో ప్యాకెట్ మీదే ఉంటుంది, కొనేముందు చూడాలి. చికోరీ లేని పొడి ఇంటి ఫిల్టర్‌లో వేస్తే డికాక్షన్ గబగబా దిగిపోయి పల్చగా వస్తుంది, ఎందుకంటే నీటిని పట్టి ఉంచేది చికోరీయే. పొడి ఇంకాస్త ఎక్కువ వేసి, గట్టిగా అదిమి, వేడినీళ్ళు మొదట కొంచెం పోసి తడవనిచ్చి, తర్వాత మిగతావి పోయాలి.

అరకులో "అరకు బొమ్మలు" అని అమ్మే లక్కబొమ్మలు ఏటికొప్పాకవి. ఆ ఊరు కొండ మీద కాదు, దిగువన వరాహ నది ఒడ్డున, అనకాపల్లి జిల్లాలో ఉంది. అరకు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఎక్కడ కొన్నా సరే గానీ, చేసిన ఊరి పేరు చెప్పి అమ్మాలి. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. పసుపు రంగు పసుపు నుంచి, ఎరుపు జాఫ్రా గింజల నుంచి తీస్తారు. ఎండలో, నీళ్ళలో ఉంచకూడదు. శానిటైజర్‌తో తుడవనే కూడదు, అందులోని ఆల్కహాల్‌కి లక్క కరిగిపోతుంది. చిన్నోడి బొంగరం రేపు వాడి చేతికిచ్చేముందు ఈ మాట మా పనమ్మాయికి చెప్పాలి.

కొండవాళ్ళు సొంతంగా చేసి అమ్మేవి సంతలో ఉన్నాయి. వెదురు బుట్టలు, చాటలు, అడ్డాకు విస్తర్లు, కొండచీపుళ్ళు. చీపుళ్ళు నాలుగు తెచ్చాం. కొత్త చీపురు నుసి రాలుస్తుంది కాబట్టి ముందు బయట గోడకేసి కొట్టి, దులిపి వాడాలి, తడి నేల మీద వాడకూడదు. రెండు అత్తయ్యకి, ఒకటి పక్కింటికి, ఒకటి మనకి.